పిల్ల తయారై పెంకులోనే చస్తోందంటే: తిరుపతి గాలికి తగ్గట్టు ఇంక్యుబేటర్ నడపడం

ముందు మీరు అడిగింది ఒకసారి రాస్తాను, చదివేవాళ్లకు అర్థమవ్వాలి కదా. తిరుపతిలో మిద్దె మీద గదిలో 48 గుడ్ల టేబుల్‌టాప్ ఇంక్యుబేటర్, అంటే బల్ల మీద పెట్టే గుడ్లు పొదిగే మెషీన్. నవంబర్‌లో 30 నాటుగుడ్లు పెట్టారు. గుడ్లు పోగు చేయడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. డిస్‌ప్లే మొదటి నుంచి చివరి దాకా 37.8 డిగ్రీల వేడి చూపించింది. లోపల తేమ కోసం ఉండే నీళ్ల కాలువలు రెండూ మొదటి రోజు నుంచే నిండుగా ఉంచారు. వచ్చింది 9 పిల్లలు, అవి కూడా 21వ రోజుకి రావాల్సినవి 22, 23 రోజుల్లో. 8 గుడ్లలో ఏమీ లేదు, రెండింట్లో రక్తపు వలయం, మిగతా 11 గుడ్లలో ఈకలతో సహా తయారైన పిల్ల లోపలే చచ్చిపోయింది. మెషీన్ మార్చాలా అని అడుగుతున్నారు.

మార్చక్కర్లేదు. ఇక్కడ మూడు వేర్వేరు తప్పులు ఒకే బ్యాచ్‌లో కలిశాయి. 8 ఖాళీ గుడ్లది పుంజు, నిల్వ సమస్య. దానికీ మెషీన్‌కీ సంబంధం లేదు. రోజు, రెండు రోజులు ఆలస్యం కావడం వేడి తక్కువై. ఆ 11 పిల్లలు పోయింది మాత్రం ఎక్కువ భాగం నీళ్ల వల్ల. నష్టం అక్కడే ఎక్కువ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

గుడ్డు పొదుగులో ఉన్నంత కాలం పెంకు రంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది. 18వ రోజుకి గుడ్డు మొదటి బరువులో 11 నుంచి 13 శాతం తగ్గాలి. పోయిన నీటి స్థానంలో గుడ్డు వెడల్పు చివర గాలి గది పెరుగుతుంది. 19, 20 రోజుల్లో పిల్ల ముందు ముక్కుతో పొర చీల్చి ఆ గాలి గదిలోనే మొదటిసారి ఊపిరి పీలుస్తుంది, ఆ తర్వాతే పెంకు పగలగొడుతుంది. కాలువలు నిండుగా పెడితే నీరు బయటికి పోదు. గాలి గది చిన్నగా మిగిలిపోతుంది, పిల్ల ఉబ్బి ఉంటుంది, తల తిప్పుకుని పెంకు చుట్టూ కోయడానికి చోటుండదు. ఇలా పోయిన గుడ్డును పగలగొడితే పిల్ల తడిగా, జిగటగా, మెడ వెనక వాపుతో, కొన్నిసార్లు పచ్చసొన ఇంకా బొడ్డు బయటే ఉండి కనిపిస్తుంది. మీరు ఫోటోలో పెట్టిన మూడు గుడ్లూ ఇలాగే ఉన్నాయి.

నీళ్లు తక్కువై చచ్చిన పిల్ల వేరేలా ఉంటుంది. చిన్నగా, ఎండినట్టు, పొర తోలులాగా ఒంటికి అతుక్కుని ఉంటుంది. గాలి గది గుడ్డులో మూడో వంతు దాటి ఉంటుంది. ఈ రెంటినీ కలిపి "తేమ సమస్య" అని వదిలేస్తే లాభం లేదు, ఎందుకంటే మందు ఒకదానికొకటి వ్యతిరేకం. అందుకే విఫలమైన ప్రతి గుడ్డునూ పగలగొట్టి చూడాలి. వాసన భరించలేకపోతే బకెట్ నీళ్లలో ముంచి పగలగొట్టండి.

ఇప్పుడు మన ఊరి గాలి సంగతి. మెషీన్‌తో వచ్చే కాగితంలో రెండు కాలువలూ నింపమని ఉంటుంది. అది పొడిగాలి ఉండే చోట్లకి రాసిన మాట. తిరుపతికి అసలు వాన ఈశాన్య రుతుపవనంలో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు. అప్పుడు గదిలో 25 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం ఉందనుకోండి. అదే గాలి మెషీన్‌లోకి వెళ్లి 37.7 డిగ్రీలకు వేడెక్కితే, చుక్క నీరు పోయకపోయినా లోపల తేమ సుమారు 44 శాతం ఉంటుంది. మొదటి 18 రోజులకి కావాల్సింది 45 నుంచి 50. అంటే వానాకాలంలో మీకు కావాల్సిన తేమ దాదాపు మొత్తం బయటి గాలే తెచ్చిస్తోంది. దాని మీద రెండు కాలువలు నింపితే 60 దాటడం ఖాయం. ఎడతెరిపి లేని ముసురులో, 26 డిగ్రీల దగ్గర 95 శాతం తేమ ఉన్నా సరే, ఖాళీ కాలువలతో లోపల 49కి మించదు. కాబట్టి నవంబర్‌లో పెడితే కాలువలు 18వ రోజు దాకా పొడిగానే ఉంచండి.

ఏప్రిల్ మధ్యాహ్నం లెక్క తలకిందులు. బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే లోపల 23 శాతమే ఉంటుంది, నీళ్లు పోయక తప్పదు. జనవరి రాత్రి పలమనేరు, కుప్పం వైపు చలి 16 డిగ్రీలకు దిగితే, బయట తేమ 80 ఉన్నా లోపలికొచ్చేసరికి 22 అవుతుంది. అప్పుడూ నీళ్లు కావాలి. తిరుపతిలో ఒకరు చెప్పిన నీళ్ల లెక్క కుప్పంలో పనికిరాదు, నవంబర్ లెక్క మార్చిలో పనికిరాదు. వీడియోల్లో చెప్పే "ఒక కాలువ, రెండు కాలువలు" అన్న మాటకి ఊరూ నెలా చెప్పకపోతే విలువ లేదు.

మరి ఎలా తెలుస్తుంది? తూకంతో. తేమ మీటర్ కంటే గుడ్ల బరువే నమ్మకం. ఒక గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. మీ 30 గుడ్లు, ఒక్కోటి సగటున 45 గ్రాములు అనుకుంటే మొత్తం 1350 గ్రాములు. 12 శాతం అంటే 162 గ్రాములు. 18 రోజులకి పంచితే రోజుకి 9 గ్రాములు. ఏడో రోజుకి త్రాసు 1287 దగ్గర, పద్నాలుగో రోజుకి 1224 దగ్గర, పద్దెనిమిదో రోజుకి 1188 దగ్గర ఉండాలి. గుడ్లు విడిగా ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తూచండి, డబ్బా బరువు ముందే సున్నా చేసుకోండి. ఏడో రోజున 63 గ్రాములకి బదులు 40 గ్రాములే తగ్గిందంటే లోపల తేమ ఎక్కువ. నీళ్లు తీసేసి గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి. 80 తగ్గిందంటే ఒక కాలువ నింపండి. ఖాళీ గుడ్లు తీసేసే రోజున తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి తూచి, అక్కడి నుంచి కొత్త లెక్క మొదలుపెట్టాలి. లేకపోతే తీసేసిన గుడ్ల బరువు తేమలో కలిసిపోయి అంతా తప్పుతుంది.

కాలువ విషయంలో చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. తేమను నిర్ణయించేది నీళ్ల లోతు కాదు, నీటి పైభాగం ఎంత పరుచుకుని ఉందన్నదే. సగం నిండిన కాలువా నిండు కాలువా ఒకే తేమ ఇస్తాయి, నిండుది ఎక్కువ రోజులు ఉంటుందంతే. తగ్గించాలంటే కాలువలో కొంత భాగం మీద టేపు అతికించండి, లేదా నీళ్లు వేరే చిన్న మూతలో పోసి పెట్టండి. పెంచాలంటే అదే కాలువలో స్పాంజి ముక్క నిలబెడితే చాలు.

తేమ మీటర్‌ని పూర్తిగా పక్కన పెట్టమనట్లేదు. హెచ్‌టీసీ-1 లాంటివి చవక, కానీ ఒక్కోటి ఒక్కో మాట చెబుతుంది. సరిచూసుకునే పద్ధతి సులువు. సీసా మూతలో వంటుప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చిలకరించండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటర్‌నూ గాలి చొరబడని జిప్ కవర్‌లో పెట్టి, పది గంటలు కదపకుండా వదిలేయండి. అప్పుడు మీటర్ 75 చూపించాలి. 82 చూపిస్తే, ఇక మీదట అది చెప్పే అంకెలోంచి 7 తీసేయడమే.

ఇప్పుడు వేడి. ఫ్యాన్ ఉన్న మెషీన్‌కి 37.5 నుంచి 37.8 సరైనది. ఫ్యాన్ లేని డబ్బా అయితే గుడ్ల పైభాగం మట్టంలో 38.5 నుంచి 39 ఉండాలి, ఎందుకంటే అందులో పైన వేడి, కింద చల్లదనం. మీ మెషీన్‌కి ఫ్యాన్ ఉంది, డిస్‌ప్లే 37.8 చూపింది, అయినా పిల్లలు 22, 23 రోజుల్లో వచ్చాయి. సుమారు అర డిగ్రీ తక్కువగా నడిస్తే రోజు ఆలస్యం అవుతుంది. కాబట్టి గుడ్ల దగ్గర నిజంగా ఉన్నది 37.2 లోపే. మీది అబద్ధం చెప్పే సెన్సార్ అయినా అయి ఉండాలి, లేదా సెన్సార్ ఉన్న చోట ఒక వేడి, మూలన ఇంకో వేడి అయినా అయి ఉండాలి. పాత గుడ్లు కూడా కొన్ని గంటలు ఆలస్యం చేస్తాయి, కానీ రెండు రోజులు చేయవు.

సరిచూడడానికి ఇంట్లో ఉండే జ్వరం థర్మామీటరే మంచి సాధనం. మనకి కావాల్సిన 37, 38 డిగ్రీల మధ్యే దాని పని కాబట్టి అక్కడ అది ఖచ్చితంగా ఉంటుంది. గ్లాసులో 38 డిగ్రీల ప్రాంతపు గోరువెచ్చటి నీళ్లు తీసుకుని, మెషీన్ సెన్సార్ కొసనూ థర్మామీటర్ కొసనూ పక్కపక్కనే ముంచి, నీళ్లు కలుపుతూ రెండూ చదవండి. మెషీన్ 37.8 అన్నప్పుడు థర్మామీటర్ 37.3 అంటే, అర డిగ్రీ తేడా. జ్వరం థర్మామీటర్ తాకిన అత్యధిక వేడినే పట్టుకుని ఉంటుంది, అందుకని నీళ్లు మరీ వేడిగా మొదలుపెట్టకండి, ప్రతిసారీ విదిలించండి. ఫారెన్‌హీట్‌లో చదివేవాళ్లకి 37.7 అంటే దాదాపు 99.9.

వేడిని అదుపు చేయడానికి బయట అమ్మే థర్మోకోల్ పెట్టెల్లో ఎక్స్‌ఎం-18 కంట్రోలరో, చేత్తో బిగించుకున్నవాళ్ల దగ్గర డబ్ల్యూ1209 బోర్డో ఉంటుంది. డబ్ల్యూ1209లో రెండు సెట్టింగులు తప్పక చూడాలి. పీ1 అనేది హీటర్ ఆగడానికీ మళ్లీ వెలగడానికీ మధ్య తేడా. అది కొత్తలో 2 డిగ్రీలుగా వస్తుంది. అలాగే వదిలేస్తే లోపల వేడి రోజంతా ఊగుతూనే ఉంటుంది. 0.2కి దించండి. పీ4 సెన్సార్ తప్పును సవరించేది. పైన గ్లాసు పరీక్షలో వచ్చిన అర డిగ్రీ తేడా అక్కడ ఎక్కించాలి. మీరు చేత్తో కట్టిన పెట్టె వాడుతుంటే ఇంకో మాట: హీటర్‌ని వెలిగించి ఆపే స్విచ్, అంటే రిలే, ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుపోయి హీటర్ ఆగకుండా మండుతుంది. హీటర్ తీగలోనే రెండో థర్మోస్టాట్ వరుసగా కలిపి 38.5 దగ్గర తెగిపోయేలా పెడితే గుడ్లు మిగులుతాయి.

వేడి తక్కువైనప్పటి నష్టమూ ఎక్కువైనప్పటి నష్టమూ ఒకటి కాదు. 35 డిగ్రీలకి పడిపోయి మూడు నాలుగు గంటలుంటే పిల్ల ఎదుగుదల నెమ్మదిస్తుంది, అంతే. 40.5కి ఎక్కితే పావుగంట చాలు, నష్టం జరిగిపోతుంది. అందుకే కరెంటు పోయినప్పుడు కంగారు పడాల్సిన పని లేదు. మూత తీయకుండా, గాలి రంధ్రాలు మూసుకోకుండా చూసుకుని పైన ఒక దుప్పటి కప్పండి. గంట, రెండు గంటలు గడిచిపోతాయి. 15వ రోజు దాటితే పిల్లలే వేడి పుట్టిస్తాయి కాబట్టి ఇంకా నిదానంగా చల్లారుతుంది. పదే పదే కోతలుంటే ఇంటి ఇన్వర్టర్‌కి కలపండి. 60 వాట్ల హీటర్ సగం సేపే వెలుగుతుందని లెక్కేస్తే సగటు 30 వాట్లు, 12 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు. చిన్న 7 ఏహెచ్ బ్యాటరీ రెండు గంటలు లాగడం కష్టమే. ఇంట్లో వాడే 150 ఏహెచ్ బ్యాటరీకి ఇది లెక్కే కాదు.

అసలు భయపడాల్సింది ఎండాకాలానికి. ఇంక్యుబేటర్ వేడి చేయగలదు, చల్లార్చలేదు. మేలో తిరుపతిలో మధ్యాహ్నం 40 దాటడం మామూలు. మిద్దె మీద గది, అందులోనూ పైన రేకులైతే చెప్పనక్కర్లేదు. గది 38కి చేరితే హీటర్ ఆగిపోయి ఉన్నా, ఫ్యాన్ మోటారు వేడీ పెద్ద పిల్లల ఒంటి వేడీ కలిసి లోపల 39, 40కి తీసుకుపోతాయి. డిస్‌ప్లే ఎర్రగా వెలుగుతూ అలారం కూస్తుంటుంది, చేయగలిగింది ఏమీ ఉండదు. మెషీన్ పెట్టిన గది 24 నుంచి 30 మధ్య ఉండాలి. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది, ఎండ తగలని మూల, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోటు చూడండి. అలాంటి గది లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పెట్టకపోవడమే మేలు. నన్నడిగితే తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు నవంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా పొదిగించడం అన్నింటికంటే తేలిక.

ఇక ఆ 8 ఖాళీ గుడ్లు. ఇందులో కొన్ని పుంజు పడనివి, కొన్ని మొదటి రెండు రోజుల్లోనే పోయినవి అయి ఉంటాయి. టార్చిలో రెండూ ఒకేలా తేటగా కనిపిస్తాయి. ఏ గుడ్లు పెడుతున్నామో తెలుసుకోవాలంటే అదే గూటి నుంచి వచ్చిన నాలుగైదు తాజా గుడ్లు కూరకి పగలగొట్టినప్పుడు పచ్చసొన మీద చుక్క చూడండి. పుంజు పడిన గుడ్డులో మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి తెల్లటి వలయం, మధ్యలో తేట, అంచు స్పష్టంగా ఉంటుంది. పుంజు పడనిదానిలో చిన్న తెల్ల మచ్చ, అంచు చెదిరిపోయి ఉంటుంది. ఒక పుంజుకి ఎనిమిది నుంచి పది పెట్టలు సరిపోతాయి. కొత్త పుంజును వదిలాక వారం, పది రోజులు ఆగి గుడ్లు ఏరండి. పుంజును తీసేశాక కూడా పది రోజులకి పైగా గుడ్లు పనికొస్తాయి, కాబట్టి జాతి మార్చదలిస్తే రెండు మూడు వారాలు ఆగితేనే పాత పుంజు పోలిక పోతుంది. కిరాణా కొట్లో దొరికే తెల్లగుడ్లు పెట్టి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఫారాల్లో పుంజులే ఉండవు. వనరాజా, గ్రామప్రియ లాంటివి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన సంకర రకాలు. వాటి గుడ్లు పొదుగుతాయి కానీ పిల్లలకి తల్లిదండ్రుల లక్షణాలు అలాగే రావు.

మూడు వారాల పాటు పోగుచేయడం మీరు చేసిన పెద్ద పొరపాటు. గుడ్డు పెట్టిన వారం లోపు మెషీన్‌లోకి పోవాలి. ఆ తర్వాత రోజురోజుకీ పొదిగే శక్తి తగ్గుతుంది, మూడో వారం గుడ్లలో చాలా భాగం వృథానే. నిల్వకి 15 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది, మన ఇళ్లలో అది దొరకదు. గది 27, 28 డిగ్రీలుంటే గుడ్డులోని పిండం సగం సగం కదలడం మొదలుపెట్టి, పెరగలేక చచ్చిపోతుంది. ఎండాకాలంలో ఖాళీ గుడ్లు ఎక్కువ రావడానికి చాలాసార్లు పుంజు కారణం కాదు, ఇదే. వెడల్పాటి కుండలో తడి ఇసుక పోసి, లోపల చిన్న గిన్నెలో గుడ్లు సన్నటి కొన కిందికి పెట్టి, పైన పలచటి గుడ్డ కప్పి నీడలో ఉంచితే బయటి కంటే నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. ఎండాకాలంలో అలా నాలుగు రోజులకి మించకండి. ఫ్రిజ్‌లో మామూలు అరలో పెట్టకండి. సంతలో కొన్న గుడ్ల వయసు అమ్మేవాళ్లకే తెలియదు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. బస్సు పార్సిల్‌లో తెప్పించిన గుడ్లని సన్న కొన కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచి అప్పుడు వేయండి, కుదుపులకి గాలి గది ఊడి ఉంటుంది.

రెట్ట అంటిన గుడ్డుని కడగొద్దు. పెంకు మీది సన్నటి పూత పోయి క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి. ఎండిన మురికిని పీచుతో మెల్లగా రాయండి, మరీ మురికిదైతే పక్కన పెట్టండి. మురిగిన ఒక్క గుడ్డు లోపల పేలితే మొత్తం బ్యాచ్‌కి చేటు. మరీ పెద్దవీ, మరీ చిన్నవీ, పెంకు గరుకుగా ఉన్నవీ, టార్చి వేస్తే వెంట్రుక పగులు కనిపించేవీ వద్దు.

పెట్టే ముందు గుడ్లని గది వేడికి రానివ్వండి, మెషీన్‌ని ఒక రోజు ముందే ఖాళీగా నడిపి వేడి నిలకడగా ఉందో లేదో చూడండి. గుడ్లు వేసిన మొదటి నాలుగైదు గంటలు డిస్‌ప్లే కిందికి పడితే సెట్టింగు ముట్టుకోవద్దు. చల్లటి గుడ్లు వేడెక్కుతున్నాయి, అంతే. అప్పుడు పెంచినవాళ్లు సాయంత్రానికి 39 చూస్తారు.

తిప్పడం ఆటోమేటిక్ అని వదిలేయకండి. గుడ్డుకి ఒకవైపు పెన్సిల్‌తో గుణకం గుర్తు, రెండోవైపు సున్నా పెట్టి, మొదటి రోజు రెండు మూడుసార్లు చూడండి. రోలర్ ట్రేలు పెద్ద ఫారం గుడ్లకి కొలిచి చేసినవి. 40 గ్రాముల నాటుగుడ్డు రోలర్ల మధ్య జారుతుంది తప్ప దొర్లదు. మీ ట్రేలో అలా ఉంటే సన్నటి గుడ్ల చుట్టూ చోటు తగ్గించండి, లేదా చేత్తో తిప్పండి. చేత్తో అయితే రోజుకి మూడుసార్లో, ఐదుసార్లో, బేసి సంఖ్యలో తిప్పాలి. అప్పుడే రాత్రి ఎక్కువసేపు ఒకే వైపు ఉండడం ఒక రోజు ఒక వైపు, మరునాడు రెండో వైపు పడుతుంది. మొదటి వారం తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకి అతుక్కుపోతుంది.

ఏడో రోజు రాత్రి చీకటి గదిలో మొబైల్ టార్చి మీద గుడ్డు వెడల్పు చివర ఆనించి చూడండి. బతికున్న గుడ్డులో నల్లటి చుక్క చుట్టూ సాలెపురుగు కాళ్లలా ఎర్ర నరాలు, కాస్త ఆగి చూస్తే చుక్క కదులుతుంది. నరాలు లేకుండా ఒక ఎర్ర వలయం మిగిలితే అది పోయింది. మీవి రెండు అలాంటివే. రెండే కాబట్టి దాని గురించి బెంగ పడకండి, ప్రతి బ్యాచ్‌లో ఒకటో రెండో ఉంటాయి. ఐదారు దాటితే మొదటి వారంలో వేడి ఎక్కిందనో, నిల్వ గుడ్లనో అనుమానించాలి. పద్నాలుగో రోజు మళ్లీ చూసి, వాసన వచ్చేవీ, పెంకు మీద చెమటలా కారేవీ తీసేయండి.

18వ రోజు చివరిసారి తూచి, తిప్పే ట్రే తీసేసి, అడుగున గరుకు గుడ్డో ప్లాస్టిక్ వలో పరిచి గుడ్లు పడుకోబెట్టండి. రోలర్ల మధ్య పిల్ల కాళ్లు ఇరుక్కుంటాయి. ఇప్పుడు మాత్రం నీళ్లు నింపండి. తేమ 65 నుంచి 70 కావాలి. గోరువెచ్చటి నీళ్లే పోయండి. గాలి రంధ్రాలు మూయకండి, పిల్లలకి ఇప్పుడే గాలి ఎక్కువ కావాలి. తేమ కోసం రంధ్రాలు మూసి ఊపిరాడక చంపుకున్న బ్యాచ్‌లు తక్కువేం కావు. ఇక మూత తీయొద్దు. ఒకసారి తీస్తే తేమ ఒక్క క్షణంలో పోతుంది, ముక్కు బయట పెట్టిన పిల్ల చుట్టూ పొర ఎండి బిగుసుకుపోతుంది.

పెంకు మీద మొదటి చిల్లు పడ్డాక పిల్ల చాలా సేపు ఊరుకుంటుంది. ఆ సమయంలో పొరలోని రక్తం, పచ్చసొన లోపలికి పీల్చుకుంటోంది. 12 నుంచి 18 గంటలు మామూలు, 24 అయినా ఓపిక పట్టండి. ఆ తర్వాతా కదలిక లేకపోతే, చిల్లు దగ్గర చిన్న ముక్క పెంకు తీసి పొర చూడండి. ఎర్ర నరాలు కనిపిస్తే ఆపేయండి, ఇంకా సిద్ధం కాలేదు. పొర గోధుమరంగులో ఎండి ఉంటే గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో తడిపి, కొంచెం కొంచెంగా వెడల్పు చివర చుట్టూ మాత్రమే తెరవండి. మిగతాది పిల్ల చేసుకోవాలి. సన్న కొన వైపు చిల్లు పెట్టిన పిల్ల తలకిందులుగా ఉన్నట్టు. ఊపిరికి దారి ఉందో లేదో చూసి వదిలేయండి.

చీమల గురించి ఎవరూ రాయరు గానీ మన దగ్గర ఇది నిజమైన బెడద. పెంకు చిట్లిన వాసనకి ఎర్రచీమలు రాత్రికి రాత్రే వరసకడతాయి. బల్ల నాలుగు కాళ్ల కింద నీళ్లు పోసిన ప్లాస్టిక్ మూతలు పెట్టి, నీళ్లలో రెండు చుక్కలు సబ్బు కలపండి. బల్ల గోడకి తగలకూడదు, కరెంటు తీగ నేలని తాకే చోట కాస్త సున్నం గీత గీయండి. తీగ మీదుగానే ఎక్కుతాయి.

ఆరి, మెత్తగా ఉబ్బిన పిల్లల్ని ఒకేసారి బయటికి తీయండి. బొడ్డులోని పచ్చసొన వాటిని రెండు రోజులు నిలబెడుతుంది, కాబట్టి ఆకలని తొందరపడి మూత తీయకండి. అట్టపెట్టెలో మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించండి. 60 వాట్ల బల్బు ఎత్తు మార్చుకుంటూ పోతే సరిపోతుంది. బల్బు కింద గుంపుగా చేరితే చలి, అంచులకి పోయి నోరు తెరుచుకుంటే వేడి. వార్తాపత్రిక నేరుగా పరిస్తే జారి కాళ్లు రెండు వైపులకి విడిపోతాయి, పైన పాత గోనె ముక్కో ఊకో వేయండి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్ల మునగదు. ఒకటి రెండు రోజులు సన్న నూకలు పెట్టినా పరవాలేదు, ఆ తర్వాత 20 శాతం మాంసకృత్తులున్న చిక్ స్టార్టర్ మేత తప్పనిసరి. నూకలతోనే పెంచితే ఈక రాదు, ఎదగవు.

టీకా: ఐదు నుంచి ఏడో రోజు లోపు కొక్కెర తెగులుకి లసోటా అనే టీకా కంట్లో ఒక చుక్క, పద్నాలుగో రోజు గంబోరో రోగానికి టీకా, నాలుగో వారం మళ్లీ లసోటా. సీసా ఐస్‌లోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. సీసాలో వందల చుక్కలుంటాయి, మీ తొమ్మిది పిల్లలకి కొనడం దండగ అనిపిస్తే వీధిలో కోళ్లు పెంచేవాళ్లని కలుపుకుని ఒకే రోజు వేయించండి. మొదటి వారంలో తెల్లగా పారుతూ, బొడ్డు ఎర్రగా వాచి పిల్లలు వరసగా పోతుంటే అది గుడ్ల నుంచో మెషీన్ నుంచో వచ్చిన రోగం. చచ్చిన పిల్లని ఐస్‌లో పెట్టి తిరుపతి వెటర్నరీ కాలేజీలో చూపించి, వాళ్లు చెప్పే మందే వాడండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ పోయకండి. ఆ బ్యాచ్ అయ్యాక మెషీన్ లోపల పెంకులూ నూగూ పూర్తిగా ఊడ్చి, ఫ్యాన్ రెక్కలతో సహా బ్లీచింగ్ నీళ్ల గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టాకే తర్వాతి గుడ్లు వేయండి. క్రిములు చావడానికి ఫార్మాలిన్ పొగ పెట్టే పని ఇంట్లో వద్దు, అది హేచరీల్లో తలుపులు మూసి చేసేది.